బొగ్గు కరెంటుకు సెలవు: ఔననేది ఎవరు, కాదనేది ఎవరు?

పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం ప్రాంతాలలో మరమగ్గం చప్పుడు వినిపించని వీధి అరుదు. తిరుత్తణి చుట్టుపక్కల వరి, చెరకు, వేరుశనగ పండించే రైతుకు బోరుబావి మోటారే ఆధారం. మగ్గానికైనా మోటారుకైనా ప్రాణం కరెంటే. ఆ కరెంటులో పెద్ద భాగం బొగ్గును కాల్చగా వచ్చినదే. బొగ్గు వాడకాన్ని క్రమంగా తగ్గించుకొని ఎండ, గాలి, నీరు వంటి వనరుల వైపు మళ్ళవలెనన్న మాట ఇప్పుడు ప్రపంచమంతటా వినిపిస్తున్నది. 2021 నవంబరులో గ్లాస్గో నగరంలో జరిగిన వాతావరణ మహాసభలో భారతదేశం కూడా 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తీసుకొని వస్తామని ప్రకటించింది.

ఈ మార్పును కోరేవారు ఉన్నారు, వద్దనేవారూ ఉన్నారు. కోరేవారంతా పర్యావరణ ప్రేమికులనీ, వద్దనేవారంతా దానిని గురించి తెలియనివారనీ అనుకోవడం పొరపాటు. బొగ్గు భారం ఎవరి ఇంటి మీద పడుతున్నది, బొగ్గు కూలి ఎవరి ఇంటికి చేరుతున్నది అన్న రెండు ప్రశ్నలకు జవాబు చూస్తే, ఎవరు ఏ పక్షాన ఎందుకు నిలిచారో తెలిసిపోతుంది. తమిళనాడులోను, తెలుగు రాష్ట్రాలలోను జరిగిన సంఘటనలే ఇందుకు సాక్ష్యం.

ఒకే ఏటికి రెండు చివరలు

కొసస్థలై ఏరు సరిహద్దు గ్రామాలవారికి కొత్తది కాదు. చిత్తూరు సీమలో దీనిని కుశస్థలి అంటారు. ఎగువన కృష్ణాపురం జలాశయం నిండి మిగులు నీరు వదిలినప్పుడు పళ్ళిపట్టు వైపు కాజ్‌వేలు మునిగి, గ్రామాలకు రాకపోకలు నిలిచిపోవడం ఇక్కడివారు ఎన్నోమార్లు చూశారు. ఆ ఏరే పూండి జలాశయాన్ని దాటి, తిరువళ్లూరు జిల్లా మీదుగా తూర్పుగా సాగి, ఎన్నూరు వద్ద సముద్రంలో కలుస్తుంది.

ఏరు సముద్రాన్ని చేరే ఆ చోటనే పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. అత్తిపట్టు వద్ద ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం 1990 దశకం మధ్యలో 630 మెగావాట్లతో మొదలైంది. తరువాత రెండవ దశలో 1,200 మెగావాట్లు చేరాయి. మూడవ దశగా 800 మెగావాట్ల యూనిట్‌ను 2024 మార్చిలో ప్రారంభించారు. పక్కనే వల్లూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌టీపీసీ, తమిళనాడు విద్యుత్ సంస్థ కలిసి నిర్మించిన 1,500 మెగావాట్ల కేంద్రం ఉన్నది. ఈ రెండు చోట్లవీ కలిపితే నాలుగు వేల మెగావాట్లకు పైమాటే. వీటికి కావలసిన బొగ్గులో చాలా భాగం ఒడిశా గనుల నుండి రైలులో పారదీప్ రేవుకు, అక్కడి నుండి ఓడలో ఎన్నూరు రేవుకు వస్తుంది. 2001లో ప్రారంభమైన ఆ రేవును మొదట ఉద్దేశించినదే బొగ్గు దింపుకోవడానికి.

ఈ విధంగా ఎగువ గ్రామాల నీరు దిగువకు పోతున్నది, దిగువన పుట్టిన కరెంటు తీగల మీదుగా రాష్ట్రమంతటికీ చేరుతూ ఎగువ గ్రామాలకూ వస్తున్నది. అందువలన ఎన్నూరు సంగతి తిరుత్తణికి పరాయి సంగతి కాజాలదు.

వెయ్యి యూనిట్ల వెనుక ఏమున్నది?

థర్మల్ కేంద్రంలో బొగ్గును మెత్తని పొడిగా చేసి బాయిలర్‌లో మండిస్తారు. ఆ వేడికి నీరు ఆవిరై, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది. భారతదేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. ఈ బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, నూటికి 30 నుండి 40 వరకు ఉంటుంది.

తమిళనాడులో మరమగ్గాల వారికి రెండు నెలలకు 750 యూనిట్లుగా ఉన్న ఉచిత కరెంటును 2023లో 1,000 యూనిట్లకు పెంచారు. ఆ వెయ్యి యూనిట్లూ బొగ్గు నుండే వచ్చాయనుకుంటే, వాటి కోసం సుమారు ఏడు క్వింటాళ్ళ బొగ్గు కాలినట్లు లెక్క. దాని వెనుక సుమారు రెండున్నర క్వింటాళ్ళ బూడిద మిగులుతుంది. మగ్గం ఉన్న ఇంటికి ఆ బూడిద కనిపించదు. అది ఎన్నూరు వైపు మరొకరి ఊరి పక్కన చేరుతుంది.

బూడిదను నీటితో కలిపి గొట్టాల ద్వారా బూడిద చెరువుకు పంపుతారు. ఆరిన బూడిదను సిమెంటుకు, ఇటుకలకు, రోడ్లకు వాడుకోవచ్చు, అలా వాడవలెనని 1999 నుండి కేంద్ర ప్రభుత్వ నియమాలున్నాయి. 2021 డిసెంబరు చివరన వచ్చిన ఉత్తర్వు నూటికి నూరు పాళ్ళూ వినియోగించవలెనని చెప్పింది. అయినా ఏళ్ళ తరబడి పేరుకున్న బూడిద చెరువులలో నిలిచే ఉన్నది. గొట్టాలు పగిలినప్పుడల్లా బూడిద నీరు ఏటిలోనికి, తంపర నేలలోనికి పారుతుంది.

ఎన్నూరు ఎందుకు వద్దంటున్నది?

ఎన్నూరు కయ్యలో మత్స్యకారులు, ఇరుళర్లు తరతరాలుగా రొయ్యలు, పీతలు, చేపలు పట్టి బ్రతుకుతున్నారు. లోతు తక్కువ నీటిలో చేతితోనే రొయ్యలను ఏరి పట్టే నేర్పు వారిది. బూడిద పేరుకొని కయ్య పూడిపోవడం, యంత్రాలను చల్లార్చిన వేడినీరు కాలువలలో కలవడం, మడ అడవులు తగ్గిపోవడం వలన తమ వేట దెబ్బతిన్నదని వారి ఫిర్యాదు. సెప్పాక్కం అనే చిన్న గ్రామం బూడిద చెరువును ఆనుకొని ఉన్నది. గాలి వీచినప్పుడు ఇంటిలో, వంటలో, నీటిలో బూడిద పడుతుందని అక్కడివారు ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు.

ఈ మొర కోర్టు గుమ్మం ఎక్కింది. మత్స్యకారులు వేసిన కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం 2022 జూలైలో తీర్పు చెప్పింది. బూడిద వలన కలిగిన నష్టానికి విద్యుత్ సంస్థను బాధ్యురాలిని చేసి, ఏరును, కయ్యను బాగుచేయవలెనని ఆదేశించింది.

కళాకారులు కూడా గొంతు కలిపారు. కర్ణాటక సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణ 2017 జనవరిలో ఎన్నూరు కయ్య ఒడ్డున, బూడిద నడుమ నిలబడి పాడిన ‘చెన్నై పొరంబోక్కు పాడల్’ లక్షలమందికి చేరింది. ఆ మాట తెలుగువారికీ తెలిసినదే. రెవెన్యూ లెక్కలో పోరంబోకు అంటే ఎవరి పట్టాకూ చెందక, ఊరందరికీ చెందిన నేల. చెరువు, వాగు, మేత బీడు, శ్మశానం అన్నీ అందులోనివే. తిట్టుగా మారిపోయిన ఆ మాటకు అసలు అర్థాన్ని గుర్తుచేయడమే ఆ పాట ఉద్దేశం.

1970లో మొదలైన పాత ఎన్నూరు థర్మల్ కేంద్రం 450 మెగావాట్లది. అది 2017 మార్చి 31న మూతబడింది. ఆ చోటనే 660 మెగావాట్ల కొత్త కేంద్రం కట్టదలచారు. పని మధ్యలో ఆగిపోయి, అనుమతి గడువు తీరడంతో 2024 డిసెంబరులో మళ్ళీ ప్రజాభిప్రాయ సేకరణ జరపవలసి వచ్చింది. అక్కడ స్థానికులు చాలామంది వద్దనే చెప్పారు. ఆ చుట్టుపక్కల ఎరువులు, చమురు, రేవులు, థర్మల్ కేంద్రాలు అన్నీ ఒకే చోట గుమికూడి ఉన్నాయి. 2023 డిసెంబరులో తుఫాను వరదలో చమురు తేలి కయ్యను కప్పడం, అదే నెల చివరలో ఒక ఎరువుల కర్మాగారపు గొట్టం నుండి అమ్మోనియా వాయువు లీకై జనం రాత్రికి రాత్రి ఇళ్ళు వదలి పరుగెత్తడం వారి మనసులో తాజాగానే ఉన్నాయి. ఇంకొక పొగగొట్టాన్ని మోసే ఓపిక వారికి లేకపోయింది.

సోంపేట, కాకరాపల్లి నేర్పినది

తెలుగు నేలమీద కూడా ఈ వ్యతిరేకత ప్రాణాల మీదికి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా సోంపేట వద్ద బీల నేలలలో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం కట్టడానికి ఒక ప్రైవేటు సంస్థకు అనుమతి ఇచ్చారు. బీల అంటే ఏడాది పొడుగునా తడి ఉండే పల్లపు భూమి. చుట్టుపక్కల గ్రామాలకు సాగునీరు, చేపలు, పశువుల మేత దాని నుండే వస్తాయి. కాగితాల మీద అది పనికిరాని భూమిగా కనిపించింది. రైతులు, మత్స్యకారులు ఒక్కటై ఎదిరించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేటు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ కేంద్రం అక్కడ కట్టలేదు.

ఏడాది తిరగకముందే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లాలోని కాకరాపల్లి వద్ద తంపర నేలలలో మరొక థర్మల్ కేంద్రానికి ఎదురు నిలిచిన గ్రామస్థులపై కాల్పులు జరిగాయి. అక్కడా ప్రాణనష్టం తప్పలేదు.

సోంపేట రైతులు పర్యావరణ శాస్త్రం చదివి ఉద్యమించలేదు. తమ అన్నం గిన్నెను కాపాడుకొనడానికి నిలబడ్డారు. ఎన్నూరు మత్స్యకారులదీ అదే బాట. బొగ్గును వద్దన్న ఉద్యమాలలో ఎక్కువ భాగం వాతావరణం పేరిట మొదలు కాలేదు. భూమి, నీరు, వేట పోతాయన్న భయంతో మొదలయ్యాయి.

బొగ్గు కావాలనేవారి న్యాయం

ఇక రెండవ పక్షం. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. కొత్తగూడెం, ఇల్లందు, రామగుండం, మందమర్రి, శ్రీరాంపురం వంటి ఊళ్ళు బొగ్గు చుట్టూ పెరిగాయి. తండ్రి తరువాత కొడుకుకు వచ్చే వారసత్వ ఉద్యోగం అక్కడి కుటుంబాలకు భూమి పట్టా వంటిది. దుకాణాలు, పాఠశాలలు, ఆసుపత్రి, పెళ్ళి సంబంధాలు సైతం గని జీతం మీద ఆధారపడి నడుస్తాయి.

నాలుగు బొగ్గు బ్లాకులను వేలం వేయదలచిన కేంద్ర ప్రభుత్వ నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ సింగరేణి కార్మికులు 2021 డిసెంబరు 9 నుండి 11 వరకు మూడు రోజులు సమ్మె చేశారు. గనులు తమ సంస్థకే కావాలన్నది వారి కోరిక. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం వద్దనున్న ప్రభుత్వ థర్మల్ కేంద్రాన్ని ప్రైవేటువారికి అప్పగించవద్దని అక్కడి ఉద్యోగులు కూడా ఆందోళన చేశారు. బొగ్గు పొగ మీద వీరెవరికీ ప్రత్యేకమైన ప్రేమ లేదు. వారు కాపాడుకొనదలచినది నెల జీతం, భవిష్య నిధి, వైద్యం గల ప్రభుత్వ రంగపు ఉద్యోగాన్ని. సౌర విద్యుత్ కేంద్రంలో అటువంటి ఉద్యోగం తమకు దొరుకుతుందన్న హామీ ఇంతవరకు ఎవరూ వారికి ఇవ్వలేదు.

రామగుండం సంగతి మరింత స్పష్టమైనది. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల ‘బి’ థర్మల్ కేంద్రం 2024లో మూతబడింది. దాని చోట 800 మెగావాట్ల కొత్త థర్మల్ కేంద్రం కావాలని అక్కడ గట్టిగా కోరిక వినిపించింది. పాత కేంద్రం మూతబడిన చోట ఎన్నూరు కొత్తది వద్దన్నది, రామగుండం కొత్తది కావాలన్నది. రెండు చోట్లా జనం తమ అనుభవాన్ని బట్టే మాట్లాడారు. రామగుండంలో పట్టణపు బ్రతుకంతా ఆ జీతాల మీద నిలిచింది. ఎన్నూరులో కేంద్రపు జీతం కొందరిది, కయ్య మీది బ్రతుకు మరికొందరిది. బూడిద మాత్రం అందరిదీ.

పెద్ద కేంద్రం మూతబడితే శాశ్వత ఉద్యోగిని వేరొక కేంద్రానికి బదిలీ చేయవచ్చు. బూడిద ఎత్తే కాంట్రాక్టు కూలి, లారీ తోలేవాడు, గేటు ముందు టీ కొట్టు పెట్టుకున్నవాడు ఏ బదిలీ జాబితాలోను ఉండరు. బొగ్గుకు సెలవు అన్న మాట వినగానే మొదట ఉలిక్కిపడేది వీరే.

వీరికి తోడు కరెంటు వాడుకొనేవారి భయం ఒకటి ఉన్నది. తమిళనాడులో ఇళ్ళకు రెండు నెలలకు 100 యూనిట్లు 2016లో ఉచితమయ్యాయి. వ్యవసాయానికి ఉచిత కరెంటు అంతకు ఎంతో ముందే, 1990 నుండి రైతులందరికీ వర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2004లో మొదలైంది. బొగ్గును తగ్గిస్తే కోతలు వస్తాయేమో, ఉచితం ఎత్తివేస్తారేమో అని నేతగాడు, రైతు అనుమానించడం సహజం. కరెంటు పోయిన పూట మగ్గం కూలి కూడా పోతుంది కనుక ఈ అనుమానాన్ని తేలికగా కొట్టివేయరాదు.

ఎండకూ అభ్యంతరాలున్నాయి

సౌర విద్యుత్తు అనగానే అందరూ చేతులు జోడిస్తారని అనుకోరాదు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ, తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా ఉన్న సరిహద్దు తాలూకా. అక్కడ సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర పార్కు వెలిసింది, 2018లో తొలి దశ మొదలైంది. భూమిని కొనకుండా, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు ఇచ్చి, ఎప్పటికప్పుడు కొంత పెంచే పద్ధతిని అనుసరించారు. వానలు తప్పిన సీమలో బీడుగా మిగిలిన పొలానికి నిలకడగా డబ్బు రావడంతో భూమిగల రైతులు చాలామంది ఒప్పుకున్నారు. పట్టా చేతిలోనే ఉండడం వారికి ధైర్యాన్నిచ్చింది.

భూమి లేనివారి సంగతి వేరు. పొలం పని పోయింది, గొర్రెలకు మేత బీడు పోయింది. కౌలు డబ్బు పట్టాదారుకే చేరింది. సౌర ఫలకాలు కడగడం, గడ్డి కోయడం, కావలి కాయడం వంటి పనులు దొరికినా అవి కొద్దిమందికే. కనుక ఒకే ఊరిలో సౌర పార్కుకు ఔననేవారు, కాదనేవారు పక్కపక్కనే కనిపిస్తారు. ఇంధనం మారినా, లాభం ఒకరికి, భారం మరొకరికి పోతే వ్యతిరేకత తప్పదని పావగడ చూపుతున్నది.

ఇంటి పైకప్పు మీద ఫలకాలు పెట్టుకొనడానికి భూమి తగాదా లేదు. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు లేదా అంతకు మించినదానికి 78,000 రూపాయల సబ్సిడీ నిర్ణయించారు. ఒక కిలోవాట్ ఫలకం మంచి ఎండలో రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. అయినా, ఇప్పటికే ఉచిత కరెంటు అందుకొనే ఇంటికి చేతి డబ్బు పెట్టి ఫలకాలు కొనవలసిన అవసరం కనిపించదు. బొగ్గు కరెంటు అసలు ఖరీదు బిల్లులో కనబడనంత కాలం సౌర విద్యుత్తు ఖరీదైనదిగానే తోస్తుంది.

రాత్రి మగ్గం ఎలా నడవాలి?

బొగ్గును సమర్థించేవారు వేసే ప్రశ్నలలో అన్నిటికంటె బలమైనది ఇదే. ఎండ సాయంకాలానికి పోతుంది, ఊళ్ళలో దీపాలు వెలిగేది అప్పుడే. తమిళనాడు గాలిమరలు మే నుండి సెప్టెంబరు వరకు బాగా తిరుగుతాయి, తక్కిన నెలలలో మందగిస్తాయి. బొగ్గు మాత్రం పగలూ రాత్రీ మండుతుంది.

2025 జూలై నాటికి దేశంలోని మొత్తం విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ వంటివి కాని వనరులదని ప్రభుత్వం ప్రకటించింది. ఇది విని, సగం కరెంటు ఎండ, గాలి నుండే వస్తున్నదని అనుకోరాదు. సామర్థ్యమంటే పూర్తి బలంతో నడిస్తే ఎంత ఇవ్వగలదన్న లెక్క. నిజంగా పుట్టిన కరెంటులో బొగ్గు వాటా ఇటీవలి సంవత్సరాలలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా ఉంటూ వచ్చింది. ఎండ రోజులో కొన్ని గంటలే ఉండడం ఇందుకు కారణం.

దారి లేకపోలేదు. పగలు మిగిలిన కరెంటుతో కింది జలాశయం నీటిని పై జలాశయానికి తోడి, రాత్రి దానిని కిందికి వదిలి కరెంటు తీయవచ్చు. కోయంబత్తూరు జిల్లా కాడంపారైలో 400 మెగావాట్ల అటువంటి కేంద్రం 1980 దశకం చివరి నుండి ఉన్నది. పెద్ద బ్యాటరీల ధర కూడా తగ్గుతూ వస్తున్నది. అయితే ఇవి తగినన్ని కట్టేవరకు బొగ్గు కేంద్రాలను ఒక్కసారిగా ఆపడం సాధ్యం కాదు. ఆపేవరకు వాటిని శుభ్రంగా నడపవలసిన బాధ్యత మాత్రం ఉన్నది. పొగలోని గంధక వాయువును తగ్గించే యంత్రాలు పెట్టవలెనని 2015 డిసెంబరులో నియమం చేశారు. గడువులు పదే పదే పొడిగించి, 2025 జూలైలో దేశంలోని చాలా కేంద్రాలకు ఆ యంత్రాల నుండి మినహాయింపు ఇచ్చారు. పది లక్షలకు మించిన జనాభాగల నగరాలకు పది కిలోమీటర్లలోపు ఉన్నవాటికి మాత్రం 2027 చివరి వరకు గడువు పెట్టారు. బొగ్గు ఇంకొంత కాలం తప్పదన్న వాదనకూ, బొగ్గు కేంద్రం పక్క ఊరివారు పొగను భరించక తప్పదన్న వాదనకూ చాలా తేడా ఉన్నది.

ఇతర దేశాల అనుభవం

జర్మనీలో 2018లో ఒక సంఘాన్ని వేసి, గని కార్మికులు, పరిశ్రమలు, పర్యావరణవాదులు, బొగ్గు ప్రాంతాల ప్రతినిధులను ఒకే బల్ల ముందు కూర్చోబెట్టారు. 2019 జనవరిలో వారు నివేదిక ఇచ్చారు. 2038 నాటికి బొగ్గు కరెంటును పూర్తిగా ఆపాలని, బొగ్గు ప్రాంతాలకు 40 బిలియన్ యూరోల వరకు సహాయం చేయాలని 2020లో చట్టాలు వచ్చాయి. అందరూ తృప్తి పడలేదు గాని, గడువు ఏమిటో, తమకు రాబోయేది ఏమిటో కార్మికులకు ముందుగా తెలిసింది.

దక్షిణాఫ్రికాలో కొమాటి అనే పాత కేంద్రాన్ని 2022 అక్టోబరులో మూసివేశారు. దాని చోట సౌర విద్యుత్తు, శిక్షణ వస్తాయని చెప్పారు. మూత మొదట పడింది, కొత్త పని ఆలస్యమైంది. ఊరు డీలా పడి, స్థానికులలో అసంతృప్తి పెరిగింది. బొగ్గును కాపాడవలెననేవారికి కొమాటి ఒక ఉదాహరణగా మారింది. ముందు దారి చూపి తరువాత తలుపు మూయడానికీ, తలుపు మూసి తరువాత దారి వెదకడానికీ ఎంత భేదమో ఈ రెండు దేశాలూ చెబుతున్నాయి.

సరిహద్దు కుటుంబాలు తెలుసుకొనవలసినది

పెద్ద థర్మల్ కేంద్రం కట్టడానికి ముందు, 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కాలుష్య నియంత్రణ మండలి ఆ సభను ఏర్పాటు చేస్తుంది. కలెక్టరు గాని, ఆయన నియమించిన అధికారి గాని అధ్యక్షత వహిస్తారు. సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికలలో నోటీసు ఇవ్వాలి. ప్రాజెక్టు వివరాల సంక్షిప్త నివేదిక ఇంగ్లీషులోను, స్థానిక భాషలోను అందుబాటులో ఉండాలి. సభ అంతటినీ వీడియో తీయాలి. చివర సభా కార్యక్రమ వివరాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. సభకు రాలేనివారు తమ అభిప్రాయాన్ని వ్రాసి పంపవచ్చు.

తిరువళ్లూరు జిల్లాలో ఆ నోటీసు, నివేదిక తమిళంలో వస్తాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరినా, పళ్ళిపట్టు, తిరుత్తణి వైపు తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారి మనుమలు, మనుమరాండ్రు బడిలో తమిళం చదువుతున్నారు. నోటీసును పిల్లలచేత చదివించుకొని, అర్థం అడిగి తెలుసుకొనడం చిన్నతనమేమీ కాదు. సౌర పార్కు కోసమో, తీగల దారి కోసమో భూమిని కౌలుకు అడిగే కాగితం చేతికి వచ్చినప్పుడు ఈ అలవాటు మరింత అక్కరకు వస్తుంది. సౌర విద్యుత్ కేంద్రాలకు ఈ ప్రజాభిప్రాయ సేకరణ నియమం వర్తించదు కనుక కౌలు కాగితం మీద సంతకమే అక్కడ రైతు చెప్పే మాట.

ఏ ప్రాజెక్టు వచ్చినా అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. భూమి ఎంత పోతుంది, అందులో పోరంబోకు ఎంత? నీరు ఎక్కడి నుండి తెస్తారు, వాడిన నీటిని ఎక్కడ వదులుతారు? బూడిద గాని, వ్యర్థం గాని ఏ ఊరి పక్కన చేరుతుంది? భూమి లేనివారికి ఏమి పని దొరుకుతుంది? కౌలు ఎన్నేళ్ళు, పెంపు ఎంత, గడువు తీరిన తరువాత భూమిని ఏ స్థితిలో తిరిగి ఇస్తారు? పాత కేంద్రం మూస్తే కాంట్రాక్టు కార్మికుల గతి ఏమిటి? ఉచిత కరెంటు వ్యవహారం మారుతుందా? ఈ ప్రశ్నలు బొగ్గుకూ ఎండకూ సమానంగానే వర్తిస్తాయి.

బొగ్గు నుండి మళ్ళడం ఒక్కరోజులో జరిగే పని కాదు, జరగకుండా ఆగే పనీ కాదు. కొసస్థలై ఎగువన మగ్గం ఆగకుండా నడవాలని కోరుకొనే కుటుంబం, దిగువన కయ్యలో రొయ్య బ్రతకాలని కోరుకొనే కుటుంబం ఒకే ఏటిని పంచుకుంటున్నాయి. ఈ రెండు ఇళ్ళనూ ముందుగా అడిగి, రెండింటికీ దారి చూపి చేసిన మార్పుకు మద్దతు దొరుకుతుంది. అడగకుండా చేసిన మార్పు బొగ్గు వైపైనా, ఎండ వైపైనా, సోంపేట వంటి రోజును మళ్ళీ తెచ్చిపెడుతుంది.